పోలీసులను ప్రతిఘటిస్తే శిక్ష పెంచడం: ఆ ఖర్చు ఏ పద్దులో పడుతుంది?

ప్రశ్న – పద్దుల పరిశీలకుడు

పోలీసులను అడ్డుకున్నవారికీ, అరెస్టును ప్రతిఘటించినవారికీ శిక్షలు పెంచాలన్న డిమాండు ఏ దేశంలోనైనా కొన్నేళ్లకోసారి ముందుకు వస్తూనే ఉంటుంది. విధుల్లో ఉన్న కానిస్టేబుల్ మీద ఎవరో చేయి చేసుకున్న వార్త ఒకటి వెలువడగానే అధికార పక్షమూ ప్రతిపక్షమూ ఒకే గొంతుతో మాట్లాడతాయి. పోలీసుల పక్షాన లేరన్న మాట పడడానికి ఎవరూ సిద్ధంగా ఉండరు కాబట్టి బిల్లు పెద్దగా చర్చ లేకుండానే గట్టెక్కుతుంది. ఆ డిమాండు న్యాయమా, అన్యాయమా అన్నది నా ప్రశ్న కాదు. పోలీసుల మీద దాడి చేయడం నేరమేనని, దానికి శిక్ష ఉండాలని నేనూ ఒప్పుకుంటాను.

నేను చాలాకాలం ప్రభుత్వ లెక్కల విభాగంలో పనిచేశాను. అక్కడ చిన్న కల్వర్టు కట్టాలన్నా అంచనా వ్యయం, పరిపాలనా ఆమోదం, ఫలానా పద్దు నుంచి చెల్లింపు అన్న వివరాలన్నీ లేనిదే ఫైలు కదలదు. శిక్షను రెండేళ్ల నుంచి ఐదేళ్లకు పెంచే సవరణకు మాత్రం ఒక్క రూపాయి కూడా ఖర్చు కానట్టే కనిపిస్తుంది, ఎందుకంటే అక్కడ మారేది చట్టంలోని ఒక అంకె మాత్రమే. నిజంగానే ఖర్చు లేదా? ఉంటే అది జైలు ఖర్చు ఒక్కటేనా, మరేమైనా ఉందా? దాన్ని ముందుగా లెక్కగట్టే పద్ధతి ఎక్కడైనా అమలులో ఉందా? విషయం తెలిసినవారు వివరంగా రాస్తే సంతోషిస్తాను.

జవాబు – కింది కోర్టు వకీలు

ఖర్చు ఉంది. అయితే దానిలో ఎక్కువ భాగం శిక్ష పడ్డాక అయ్యేది కాదు. శిక్ష పడకముందే, చాలా కేసుల్లో శిక్ష అసలు పడకుండానే అయిపోయేది. నాకు రోజూ పని ఉన్నది భారతీయ చట్టంతో కాబట్టి దాన్నే ఉదాహరణగా తీసుకుని చెబుతాను. ఈ తర్కం మాత్రం ఇతర దేశాలకూ వర్తిస్తుంది.

'విధులకు ఆటంకం' అని పత్రికలు ఒక్క మాటలో తేల్చేసే కేసుల్లో నిజానికి వేర్వేరు నేరాలు కలిసి ఉంటాయి. కేవలం అడ్డుపడితే భారతీయ న్యాయ సంహితలోని 221వ సెక్షన్ కింద గరిష్ఠంగా మూడు నెలల జైలు గాని, 2,500 రూపాయల వరకు జరిమానా గాని, రెండూ గాని విధించవచ్చు. తనను చట్టబద్ధంగా అరెస్టు చేయబోతే ప్రతిఘటించినవారికి 262వ సెక్షన్ కింద రెండేళ్ల వరకు శిక్ష ఉంది. విధి నిర్వహణను ఆపడానికి బలప్రయోగం చేస్తే 132వ సెక్షన్, అంటే పాత శిక్షాస్మృతిలోని 353, వర్తిస్తుంది. అదీ రెండేళ్లే, కానీ నాన్‌బెయిలబుల్. గాయపరిస్తే 121వ సెక్షన్. పాత చట్టంలో మూడేళ్లుగా ఉన్న ఈ శిక్ష 2024 జూలై 1 నుంచి ఐదేళ్లయింది. అంతకుముందే మహారాష్ట్ర 2018లో అమల్లోకి వచ్చిన సవరణ ద్వారా 353 కింద శిక్షను రెండేళ్ల నుంచి ఐదేళ్లకు పెంచి, విచారణను సెషన్స్ కోర్టుకు అప్పగించింది. అది పాత స్మృతికి చేసిన సవరణ. కొత్త సంహితలోని 132 మళ్లీ రెండేళ్ల దగ్గరే నిలిచింది.

రెండు ఐదయితే ఏమవుతుందన్నదే మీ ప్రశ్నకు అసలు కీలకం. మన ప్రక్రియా చట్టంలో అనేక నియమాలు గరిష్ఠ శిక్షను కొలమానంగా పెట్టుకున్నవే. గరిష్ఠ శిక్ష రెండేళ్లు దాటనంతవరకు అది సమన్స్ కేసు: ఆరోపణ ఏమిటో నిందితుడికి చెప్పి, ఒప్పుకుంటావా అని అడిగి, సాక్ష్యంలోకి వెళ్లిపోవచ్చు. రెండేళ్లు దాటిన మరుక్షణం అదే సంఘటన వారెంట్ కేసు అవుతుంది. అప్పుడు డిశ్చార్జి పిటిషన్ (అభియోగానికి ఆధారం లేదు, కేసు నుంచి తప్పించండని నిందితుడు వేసేది), దాని మీద వాదనలు, అభియోగాల నమోదు అన్న దశలన్నీ దాటాలి, ప్రతి దశకూ వాయిదాలుంటాయి. నిందితుడి హక్కుల దృష్టితో చూస్తే ఆ దశలు మంచివే, వాటిని నేను తప్పు పట్టడం లేదు. కానీ వాటికి పట్టే కోర్టు సమయం ఎవరో ఒకరు చెల్లించవలసిందే. మేజిస్ట్రేట్ కోర్టులో ముగిసేది సెషన్స్‌కు వెళితే జడ్జి, పబ్లిక్ ప్రాసిక్యూటర్, ఉచిత న్యాయ సహాయం కింద నియమించే వకీలు అందరూ పై స్థాయివారవుతారు. అప్పటికే హత్య కేసులతో నిండిన జాబితాలో ఈ తోపులాట కేసు వచ్చి కూర్చుంటుంది.

మూడేళ్ల దగ్గర ఇంకో గీత ఉంది. మూడేళ్లకు మించని శిక్ష ఉన్న నేరాన్ని కోర్టు గరిష్ఠంగా మూడేళ్లలోపు విచారణకు స్వీకరించకపోతే కాలదోషం పడుతుంది. మూడేళ్లు మించిన శిక్ష ఉన్న నేరానికి కాలదోషమే లేదు కాబట్టి, చార్జిషీటు వేయకుండా స్టేషన్‌లో పడి ఉన్న ఫైలు ఎన్నాళ్లయినా బతికే ఉంటుంది. మూడేళ్లకంటే తక్కువ శిక్ష ఉన్న నేరాల్లో అరవై ఏళ్లు దాటినవారినీ, అశక్తులనూ డీఎస్పీ స్థాయి అధికారి అనుమతి లేకుండా అరెస్టు చేయరాదని నాగరిక సురక్షా సంహితలో, అంటే నేను పైన చెప్పిన ప్రక్రియా చట్టంలో, 35వ సెక్షన్ చెబుతోంది. గరిష్ఠ శిక్షను ఐదేళ్లు చేస్తే ఆ రక్షణ వర్తించదు. సవరణను సమర్థిస్తూ ప్రసంగించినవారిలో ఎందరు ఈ నిబంధనను గుర్తుంచుకుని మాట్లాడి ఉంటారో నాకు అనుమానమే.

అన్నిటికంటే బరువైనది అదే సురక్షా సంహితలోని 479వ సెక్షన్. విచారణ ఖైదీ తనపై ఉన్న నేరానికి గరిష్ఠ శిక్షలో సగం కాలం జైల్లో గడిపితే బెయిలు మీద విడుదల చేయాలి. గతంలో ఏ నేరానికీ దోషిగా తేలనివారైతే మూడో వంతు చాలు. ఒకటికి మించిన కేసులు పెండింగులో ఉన్నవారికి ఈ సౌకర్యం లేదు. దీన్ని మన అంకెకు అన్వయించండి. గరిష్ఠ శిక్ష రెండేళ్లయితే గతంలో దోషిగా తేలని నిందితుడికి ఆ హక్కు ఎనిమిది నెలలకు వస్తుంది. ఐదేళ్లయితే ఇరవై నెలలకు గాని రాదు. ఇతరులకు పన్నెండు నెలలు కాస్తా ముప్ఫై నెలలవుతుంది. తీర్పులో నిర్దోషి అని తేలినా ఈ కాలం తిరిగి రాదు, ప్రభుత్వం పెట్టిన ఖర్చూ తిరిగి రాదు. స్తోమత ఉన్నవారికి ఇటువంటి కేసుల్లో బెయిలు త్వరగానే దొరుకుతుంది. పూచీకత్తు ఇచ్చేవారు లేక లోపల మిగిలిపోయేవారి మీదే ఈ లెక్క పనిచేస్తుంది.

జాతీయ నేర రికార్డుల సంస్థ 2022 లెక్కల ప్రకారం దేశంలోని 5,73,220 మంది ఖైదీల్లో 4,34,302 మంది విచారణ ఖైదీలే, జైళ్లలో నిండుదనం 131.4 శాతం. వారిలో పోలీసులను అడ్డుకున్న కేసులవారు ఎందరన్నది పక్కన పెట్టినా, గరిష్ఠ శిక్ష పెరిగిన ప్రతి సెక్షనూ భారం మోపేది ఈ ఇరుకు గదుల మీదే.

జవాబు – అంచనా పత్రం

పై జవాబుకు కొనసాగింపుగా, ముందస్తు అంచనా గురించి మీరు అడిగినదానికి నేను సమాధానం చెబుతాను.

అమెరికాలో అనేక రాష్ట్రాల చట్టసభలు ప్రతి బిల్లుకూ ఆర్థిక ప్రభావ పత్రం జతచేస్తాయి. వర్జీనియాలో జైలు శిక్షలను పెంచే ఏ బిల్లుకైనా అయ్యే అదనపు వ్యయాన్ని అక్కడి శిక్షల కమిషన్ లెక్కగట్టి ఇవ్వాలి. లెక్కకు తగిన సమాచారం దొరకకపోతే ఖర్చు సున్నా అని రాసే వీలు లేదు, కనీసం 50,000 డాలర్లు చూపాలన్న నిబంధన ఉంది. ఆ మొత్తం వాస్తవ ఖర్చుకు దగ్గరగా ఉండకపోవచ్చు, అయినా 'తెలియదు' అన్న మాటను 'లేదు' అన్న అర్థంలో వాడుకోనివ్వకపోవడం ఆ నిబంధనలో నాకు నచ్చిన విషయం. అదే వర్జీనియాలో పోలీసు అధికారిపై దాడి చిన్నదైనా తీవ్ర నేరమే, దోషిగా తేలితే ఆరు నెలల జైలు తప్పనిసరి.

ఆ పత్రాలు చదివేటప్పుడు ఒక మెలిక గమనించాలి. ఖైదీకి ఏడాదికి అయ్యే సగటు ఖర్చు వేరు, ఒక ఖైదీ అదనంగా వస్తే పెరిగే ఖర్చు వేరు. కాలిఫోర్నియా జైళ్లలో సగటు ఖర్చు ఏడాదికి తలకు లక్ష డాలర్లు దాటిపోయింది. అయితే పది మంది అదనంగా వచ్చినంత మాత్రాన కొత్త కాపలా సిబ్బంది అక్కర్లేదు, తిండి, బట్టలు, వైద్యం ఖర్చు మాత్రమే పెరుగుతుంది. బిల్లు పెట్టేవారు ఈ చిన్న లెక్కను చూపిస్తారు, వ్యతిరేకించేవారు సగటును చూపిస్తారు. నిజం మధ్యలో ఎక్కడో కూడా ఉండదు. బ్యారక్ నిండేదాకా చిన్న లెక్క సరైనది, నిండిన రోజున కొత్త బ్యారకూ దానికి తగిన సిబ్బందీ ఒక్కసారిగా మీద పడతాయి. ఒక్కో బిల్లునూ విడిగా చూస్తే ఏదీ బ్యారక్ నింపినట్టు కనిపించదు, కనుక ఆ పెద్ద ఖర్చు ఏ బిల్లు ఖాతాలోనూ చేరదు.

భారం ఒక జేబు నుంచి మరో జేబుకు మారడం ఇంకొకటి. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో చిన్న నేరాలకు జైలు స్థానిక కౌంటీ (జిల్లా వంటి పాలనా విభాగం) బాధ్యత, తీవ్ర నేరాలకు రాష్ట్రం బాధ్యత. ప్రతిఘటనను తీవ్ర నేరంగా మార్చితే శిక్షాకాలపు ఖర్చు రాష్ట్రానికి పోతుంది గాని, విచారణకు ముందు ఖైదు మాత్రం కౌంటీ మీదే పెరుగుతుంది. ఆరు నెలలకు మించి శిక్ష పడగల నేరానికి జ్యూరీ విచారణ కోరే హక్కు ఉందని అక్కడి సుప్రీంకోర్టు 1970లో తేల్చింది కాబట్టి, ఆ గీత దాటించే సవరణ జ్యూరీ ఖర్చునూ వెంట తెస్తుంది.

ఇంగ్లండ్‌లోనూ ఇదే వరస. కానిస్టేబుల్‌ను ప్రతిఘటించడానికి, అడ్డుకోవడానికి 1996 పోలీసు చట్టంలో ఉన్న గరిష్ఠ శిక్ష ఒక నెల మాత్రమే. దాడి విషయంలో మాత్రం 2018లో అత్యవసర సేవల సిబ్బంది కోసం ప్రత్యేక చట్టం తెచ్చి ఆరు నెలల శిక్షను పన్నెండు నెలలు చేశారు, 2022లో దాన్ని రెండేళ్లు చేశారు. మొదటి మెట్టులోనే కేసు మేజిస్ట్రేట్ గడప దాటి పై స్థాయి క్రౌన్ కోర్టుకు వెళ్లగలిగే కోవలోకి మారింది. నాలుగేళ్లు తిరగకముందే రెండో పెంపు అవసరమని భావించారంటే మొదటి పెంపు ఆశించిన ఫలితం ఇచ్చిందా అని అడగడం సమంజసం, అయితే దాడులు పెరిగాయా, నమోదు మెరుగైందా అన్నది విడదీయడం కష్టమని ఒప్పుకోవాలి.

భారతదేశం సంగతికి వస్తే, సంచిత నిధి (ప్రభుత్వ ప్రధాన ఖజానా) నుంచి వ్యయం అయ్యే బిల్లుకు ఆర్థిక మెమొరాండం జతచేయాలని లోక్‌సభ నియమాల్లో 69వది చెబుతుంది. కొత్త చట్టాల వల్ల కోర్టుల మీద పడే భారాన్నీ అందులో చూపాలని సుప్రీంకోర్టు సేలం న్యాయవాదుల సంఘం కేసులో 2005లో సూచించింది. దాన్ని ఎలా అమలు చేయాలో పరిశీలించిన కార్యదళానికి జస్టిస్ ఎం.జగన్నాథరావు అధ్యక్షులు, 2008లో నివేదిక కూడా ఇచ్చారు. పద్ధతి కాగితం మీద సిద్ధంగానే ఉందన్నమాట.

జవాబు – మాజీ స్టేషన్ రైటర్

పై ఇద్దరూ ఖర్చును ఒకవైపు నుంచే చూపించారు. బందోబస్తులో రాయి తగిలి తల పగిలిన కానిస్టేబుల్‌కు ఆసుపత్రి, నెలల తరబడి మెడికల్ సెలవు, ఆ స్థానంలో వారాంతపు సెలవు వదులుకుని డబుల్ డ్యూటీ చేసే ఇంకో కానిస్టేబుల్, ఇవన్నీ ఖర్చులే. పెద్ద శిక్ష ఆ ఘటనను ఆపగలిగితే దానికయ్యే ఖర్చును నేను ఆనందంగా సమర్థించేవాణ్ణి. ఆపగలుగుతుందా అన్నదే ప్రశ్న. తాగిన మైకంలోనో, గుంపు ఊపులోనో, కన్నకొడుకును జీపెక్కిస్తున్నారన్న ఆవేశంలోనో మీదికి వచ్చే మనిషి ఫలానా సెక్షన్‌కు రెండేళ్లా ఐదేళ్లా అని ఆలోచించి రాడు. శిక్ష తీవ్రత కంటే దొరికిపోతామన్న ఖాయమే నేరాన్ని ఆపుతుందని 1764లో ఇటలీ ఆలోచనాపరుడు బెక్కారియా రాసినది, ఆధునిక నేరశాస్త్ర పరిశోధనలూ మొత్తం మీద సమర్థిస్తూ వచ్చినది, స్టేషన్‌లో పనిచేసినవారికి చదవకుండానే తెలిసిన సంగతి.

కేసు ఎలా కట్టబడుతుందో కూడా చెప్పాలి. ఎఫ్‌ఐఆర్ రాసే బల్ల దగ్గర కూర్చున్నవాడిగా చెబుతున్నాను: తోపులాట జరిగిన చోట ఏ సెక్షన్ వేయాలన్న నిర్ణయం చాలాసార్లు గాయాన్ని బట్టి కాక, అవతలివాళ్లు మన మీద ఫిర్యాదు చేస్తారా లేదా అన్నదాన్ని బట్టి ఉంటుంది. లాఠీ దెబ్బలతో ఆసుపత్రికి వెళ్లి ఎంఎల్‌సీ (గాయాలను డాక్టరు కోర్టుకు పనికొచ్చేలా నమోదు చేసే పత్రం) రాయించుకున్నాడని తెలిస్తే, అతని మీద నాన్‌బెయిలబుల్ సెక్షన్ పడే అవకాశం పెరుగుతుంది. అందరూ ఇలాగే చేస్తారని అనను. నిజంగా దెబ్బలు తిన్న సిబ్బంది కేసులూ అదే కట్టలో ఉంటాయి, సాక్షులు పోలీసులే తప్ప ఇంకెవరూ లేకపోవడంతో రెండు రకాల కేసులూ కోర్టు ముందు ఒకేలా కనిపిస్తాయి. నిజమైన కేసు వీగిపోయేది అక్కడే.

ఇక కోర్టు డ్యూటీ. సాక్ష్యం చెప్పవలసిన కానిస్టేబుల్ యూనిఫాం ఇస్త్రీ చేయించుకుని పొద్దున్నే కోర్టుకు వెళ్లి, హాలు బయట వరండాలో నిలబడి, కేసు పిలిచేసరికి నిందితుడి వకీలు లేడనో జడ్జి గారు సెలవులో ఉన్నారనో వాయిదా పడితే, హాజరు సర్టిఫికెట్ తీసుకుని సాయంత్రం స్టేషన్‌కు వస్తాడు. ఈలోగా బదిలీ అయి ఉంటే వేరే జిల్లా నుంచి రావాలి. ఆ రోజు అతని బీట్ ఖాళీ. శిక్ష పెంచి దశలు పెంచితే ఈ రోజులూ పెరుగుతాయని మేం ఎవరికి చెప్పుకోవాలి? మాకు కావలసింది ఐదేళ్ల శిక్ష కాదు, అదే ఏడాదిలో పడే మూడు నెలల శిక్ష.

అడిగినవారి అదనపు ప్రశ్న – పద్దుల పరిశీలకుడు

ముగ్గురికీ ధన్యవాదాలు. రైటర్ గారు చెప్పిన 'ఫిర్యాదుకు విరుగుడుగా కేసు' అన్నది నేను అసలు ఊహించని ఖర్చు. పోలీసుల మీద పరిహారం కేసులు తగ్గితే అది ఖజానాకు ఆదా అనుకోవాలా? ఇంకొక మాట: జైలు కాలం ముట్టుకోకుండా జరిమానా మాత్రమే పెంచితే ఈ చిక్కులు తప్పుతాయా?

జవాబు – అంచనా పత్రం

పరిహారం గురించి: అది కాగితం మీద ఆదాలా కనిపిస్తుంది. అమెరికా సుప్రీంకోర్టు 1994లో హెక్ వర్సెస్ హంఫ్రీ కేసులో, శిక్ష చెల్లదని పరోక్షంగా సూచించే పరిహార దావాను ఆ శిక్ష రద్దయ్యేదాకా నడపరాదని చెప్పింది. దాంతో ప్రతిఘటన నేరాన్ని ఒప్పుకుని రాజీపడిన మనిషి, తన మీద జరిగిన బలప్రయోగం గురించి దావా వేయబోతే అనేక సందర్భాల్లో ఈ తీర్పే అడ్డు వస్తుంది. ఆరోపణ ఎంత పెద్దదైతే తక్కువ నేరం ఒప్పుకుని బయటపడాలన్న ఒత్తిడి అంత ఎక్కువ. నగరపాలక సంస్థకు ఆ మేరకు చెల్లింపు తప్పుతుంది, కానీ విరిగిన చేయి వైద్యం ఖర్చూ, పోయిన కూలీ ఆ కుటుంబం మీద పడతాయి. ఖర్చు పోలేదు, లెక్కల్లోంచి తప్పుకుంది. ఇంకో నష్టం, ఏ అధికారి మీద తరచుగా ఫిర్యాదులు వస్తున్నాయో చూపించే సమాచారం కూడా ఆ దావాలతోపాటే ఆగిపోతుంది.

సాక్ష్యం సమస్యకు పోలీసులు ఒంటి మీద ధరించే శరీర కెమెరాలే మందు అని కొందరు అంటారు. కాలిఫోర్నియాలోని రియాల్టో అనే చిన్న పట్టణంలో 2012లో మొదలైన ప్రయోగంలో బలప్రయోగమూ ఫిర్యాదులూ బాగా తగ్గాయి. వాషింగ్టన్ నగరంలో రెండు వేల మందికి పైగా అధికారులతో జరిపి 2017లో వెల్లడించిన అధ్యయనంలో మాత్రం చెప్పుకోదగిన తేడా కనిపించలేదు. ప్రవర్తనను మార్చినా మార్చకపోయినా, రైటర్ గారు చెప్పిన రెండు రకాల కేసులను వేరుచేయడానికి దృశ్యం పనికొస్తుంది. ఆ ఖర్చు కనీసం టెండరులో కనిపించే ఖర్చు.

జవాబు – కింది కోర్టు వకీలు

జరిమానా గురించి నేను చెబుతాను. పైన రాసిన గీతలన్నీ జైలు కాలాన్ని బట్టి గీసినవే కాబట్టి, జరిమానా ఎంత పెంచినా కేసు సమన్స్ కోవ నుంచి కదలదు, 479 లెక్కా మారదు. 221వ సెక్షన్‌లో అదే జరిగింది: పాత శిక్షాస్మృతిలోని 186లో 500 రూపాయలుగా ఉన్న జరిమానాను 2,500 చేశారు, మూడు నెలలను ముట్టుకోలేదు. జరిమానా కట్టలేనివారికి బదులుగా వేసే జైలు కూడా, జైలు శిక్ష ఉన్న నేరాల్లో, గరిష్ఠ కాలంలో నాలుగో వంతుకు మించరాదు. మూడు నెలల నేరానికి అది సుమారు మూడు వారాలు.

అయితే 221 వాడుకలో వెనకబడడానికి వేరే కారణం ఉంది. ఆ నేరాన్ని కోర్టు విచారణకు స్వీకరించాలంటే అడ్డంకి ఎదుర్కొన్న అధికారి గాని, ఆయన పై అధికారి గాని, ఆయన అధికారం ఇచ్చిన మరో అధికారి గాని కోర్టుకు లిఖితపూర్వక ఫిర్యాదు ఇవ్వాలి. మామూలు చార్జిషీటు సరిపోదు. 132కు ఆ నిబంధన లేదు. దాంతో ఎవరూ చేయి ఎత్తని ఘటనలో కూడా, తోశాడు అన్న ఒక్క మాట చేర్చి 132 కింద నమోదు చేయడం సులువవుతుంది. చిన్న నేరానికి దారి కష్టంగా, పెద్ద నేరానికి దారి సులభంగా ఉన్నంతకాలం, పెద్ద నేరపు శిక్షను పెంచే ప్రతి సవరణా ఆ చిన్న నేరాలన్నిటి ఖర్చునూ పెంచుతుంది. మీ పాత శాఖ భాషలో రాయాలంటే, అంచనా వేసేటప్పుడు 132 కేసుల సంఖ్యను మాత్రమే తీసుకుంటే సరిపోదు. అందులో ఎన్ని నిజానికి 221 కేసులో విడదీసి, గాయం సర్టిఫికెట్ ఉన్నవి, లేనివి అని రెండు నిలువు వరసలు వేయాలి. ఆ సమాచారం ప్రతి స్టేషన్ రికార్డులోనూ ఉంటుంది, అడిగి తీసుకోవలసిందే.